వయోవృద్ధులకు ఆసరా గృహం: ఎంపిక, వ్యయం, చట్టపరమైన రక్షణ

(ప్రత్యేక వ్యాసం)

అరసవల్లి, శ్రీకాకుళం జిల్లా: ఆరోగ్యప్రదాతగా భక్తులు కొలిచే అరసవల్లి శ్రీ సూర్యనారాయణ స్వామి వారి మూలవిరాట్టును ఏటా మార్చి, అక్టోబరు నెలల్లో కొద్ది రోజులు ఉదయభానుని కిరణాలు స్పృశిస్తాయి. అక్టోబరులో ఈ దర్శనం లభించేది 1, 2 తేదీల ప్రాంతంలో. ఐక్యరాజ్యసమితి 1990లో ప్రకటించిన అంతర్జాతీయ వయోవృద్ధుల దినోత్సవం కూడా అక్టోబరు 1వ తేదీయే. ఇది యాదృచ్ఛికమే అయినా, ఆ వేకువన ఆలయ ప్రాంగణంలో చేతికర్రలతో నిలిచే పెద్దలను చూసినవారికి తగిన తేదీగానే తోస్తుంది.

శ్రీకాకుళం జిల్లా నుండి ఉపాధి నిమిత్తం విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై నగరాలకు, ఓడలలో కొలువులకు, విదేశాలకు వెళ్లినవారు అనేకులు. ఊరిలోని ఇంట తల్లిగాని తండ్రిగాని ఒంటరిగా మిగిలినపుడు, వారిని ఎక్కడ ఉంచాలన్న ప్రశ్న ఉత్పన్నమవుతున్నది. సాధారణంగా ఈ ప్రశ్న పెద్దవారు స్నానాల గదిలో జారిపడిన మరునాడు, ఆసుపత్రి వరండాలో, సెలవు ముగియనున్న కుమారుని ఎదుట తలెత్తుతుంది. అటువంటి సమయంలో హడావుడిగా చేసే నిర్ణయంలో అందరి మాటా చెల్లుబాటవుతుంది గాని, అక్కడ నివసించవలసినవారి మాట మాత్రం వినబడదు. కావున పెద్దలు ఆరోగ్యంగా ఉన్నపుడే, వారి సమక్షంలోనే ఈ విషయం చర్చించుకోవడం శ్రేయస్కరం.

ముందుగా నిర్ణయించుకోవలసినది గృహం కాదు, అవసరం. వంట చేసుకోలేకపోవడం ఒక స్థితి. స్నానానికి, దుస్తులు ధరించడానికి, వేళకు మందులు వేసుకోవడానికి మరొకరి సాయం కావలసిరావడం వేరొక స్థితి. మంచానికే పరిమితం కావడం ఇంకొక స్థితి. మొదటి స్థితిలోనివారికి ఇంటికి భోజనం తెప్పించే ఏర్పాటు, పగటిపూట ఒక సహాయకురాలు ఉంటే చాలును. స్వంత ఇంటనే ఉండగలిగిన పెద్దలను ఆశ్రమానికి పంపవలసిన అగత్యం లేదు. రెండవ స్థితిలోనివారికి సహాయక సేవలు గల ఆసరా గృహం ఉపకరిస్తుంది. మూడవ స్థితిలోనివారికి నర్సింగ్ సేవలు తప్పనిసరి. జనసామాన్యం ఈ మూడింటినీ ‘వృద్ధాశ్రమం’ అనే ఒక్క మాటతో వ్యవహరించడం వలన పొరపాట్లు జరుగుతున్నవి.

గృహ నిర్వాహకులను అడగవలసిన ప్రశ్నలలో అతి ముఖ్యమైనది, సాధారణంగా ఎవరూ అడగనిది ఒకటున్నది: ‘ఇక్కడ చేరినవారు మంచాన పడితే ఉంచుతారా, పంపివేస్తారా?’ తమ పనులు తాము చేసుకోగలవారినే చేర్చుకునే గృహాలు ఉన్నవి. అటువంటి చోట చేరినవారు నడవలేని స్థితికి వచ్చిననాడు ఆ వయసులో మరల కొత్త చోటు వెదుక్కోవలసి వస్తుంది. ఈ ప్రశ్నకు జవాబు మాటగా కాక ఒప్పంద పత్రంలో ఉండాలి. డిపాజిట్టు సొమ్ము ఎంత, మధ్యలో వెళ్లిపోయినా, మరణించినా ఎన్ని రోజులలో ఎవరికి తిరిగి చెల్లిస్తారు, నెలసరి రుసుము ఏటా ఎంత శాతం పెంచుతారు అన్న అంశాలు కూడా వ్రాతపూర్వకంగా ఉండాలి.

తక్కినవి కంటితో చూసి తెలుసుకోవలసినవి. ముందుగా చెప్పకుండా రాత్రి భోజనం వేళ వెళ్లి చూడటం మేలు. రాత్రివేళ ఎందరు సిబ్బంది ఉంటారో, మరుగుదొడ్డిలో పట్టుకొనుటకు కమ్మీలు ఉన్నవో లేవో, సమీప ఆసుపత్రికి ఎంతసేపట్లో చేరవచ్చునో గమనించాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపానులను చవిచూసిన ఉత్తరాంధ్రలో జనరేటరు, మంచినీటి నిల్వల గురించి విచారించడం అతిజాగ్రత్త కాజాలదు. భోజనం సంగతి చిన్నదిగా తోచవచ్చును గాని, ఉదయం చోడి అంబలికి అలవాటుపడిన ప్రాణానికి అది చిన్న విషయం కాదు. డిపాజిట్టు చెల్లించుటకు పూర్వం ఒక నెల అతిథిగా ఉండి చూసే వీలు కల్పించే గృహాలకు ప్రాధాన్యమివ్వవచ్చును.

ఇక వ్యయం. నిరుపేద వృద్ధులకు ఉచిత ఆశ్రయమిచ్చే గృహాలకు కేంద్ర ప్రభుత్వం స్వచ్ఛంద సంస్థల ద్వారా నిధులు సమకూరుస్తున్నది; 2021 నుండి ఈ కార్యక్రమం అటల్ వయో అభ్యుదయ యోజనలో భాగంగా ఉన్నది. విశాఖపట్నంలో 1930లో నెలకొన్న ప్రేమ సమాజం వంటి ధార్మిక సంస్థలు వృద్ధులకు ఆశ్రయం కల్పించిన చరిత్ర ఈ ప్రాంతానికి కలదు. రాష్ట్రంలో 2024 జూలై నుండి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలకు పెరిగినది. పింఛనుదారులు వేరొక ఊరి గృహంలో చేరినపుడు పింఛనును ఆ చిరునామాకు బదిలీ చేయించుకోవడం మరువరాదు.

స్వంత పొదుపుతో రుసుము చెల్లించదలచినవారు లెక్కను జాగ్రత్తగా వేసుకోవాలి. పోస్టాఫీసులలో, బ్యాంకులలో లభించే సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో 60 ఏళ్లు నిండినవారు 30 లక్షల రూపాయల వరకు దాచుకోవచ్చును. 2023 ఏప్రిల్‌లో ఈ పథకం వడ్డీ 8.2 శాతానికి పెరిగినది. ఆ రేటున 15 లక్షలకు మూడు నెలలకొకసారి 30,750 రూపాయలు, అనగా నెలకు 10,250 రూపాయలు వస్తుంది. నెలకు 10 వేల రూపాయల రుసుముకు ఇది సరిపోయినట్లే కనబడుతుంది. అయితే ఖాతా తెరిచిననాటి వడ్డీ ఐదేళ్లపాటు మారదు; రుసుము మాత్రం ఏటా 8 శాతం పెరిగితే ఐదేళ్లకు 14,700 రూపాయలకు, తొమ్మిదేళ్లకు 20 వేలకు చేరుతుంది. మందులు, డైపర్లు, ప్రత్యేక సహాయకుల వేతనం దీనికి అదనం. మొదటి నెల రుసుమును చూసి తృప్తిపడే కుటుంబాలు ఐదవ ఏటి రుసుమును కూడా లెక్కించుకోవడం అవసరం.

ఇంటిని బ్యాంకుకు తనఖా ఉంచి నెలనెలా సొమ్ము పొందే రివర్స్ మార్టిగేజ్ విధానం 2007-08 బడ్జెట్ ప్రతిపాదనతో దేశంలో మొదలైనది. దీనిలో ఒక మెలిక ఉన్నది. రుణగ్రహీత ఆ ఇంటిలోనే నివసిస్తుండాలి. శాశ్వతంగా ఇల్లు విడిస్తే రుణం తీర్చవలసి వస్తుంది. కావున ఇంటివద్దనే సేవలు పొందేవారికి ఇది ఉపయోగకరమే గాని, ఆసరా గృహపు రుసుము చెల్లించుటకు నమ్ముకోదగినది కాదు. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా 5 లక్షల రూపాయల వరకు వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరులో ప్రారంభమైనది. అది ఆసుపత్రి చికిత్సకే వర్తిస్తుంది, నివాస వ్యయానికి వర్తించదు.

అన్నిటికంటె పెద్ద ప్రమాదం సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో పొంచి ఉన్నది. ‘ఇల్లు నా పేర రాస్తే ఖర్చంతా నేనే భరిస్తాను’ అన్న మాటపై దాన దస్తావేజు రాసి ఇచ్చి, ఆపై నెలనెలా సొమ్ముకై చేయి చాచే పరిస్థితి తెచ్చుకోరాదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007లోని 23వ సెక్షను ప్రకారం, పోషణ షరతుతో ఆస్తి పొందినవారు ఆ షరతు పాటించకపోతే బదిలీని రద్దు చేయవచ్చును. అయితే ఆ షరతు ఉన్నట్లు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో స్పష్టం చేసినది. ఈ చట్టాన్ని వృద్ధులకు అనుకూలంగా ఉదారంగా అన్వయించాలంటూ 2025 జనవరిలో అదే న్యాయస్థానం ఒక తల్లికి ఆస్తిని తిరిగి ఇప్పించినది. అంతవరకు తెచ్చుకొనుటకంటె పోషణ షరతును దస్తావేజులోనే స్పష్టంగా రాయించుకోవడం, లేదా దానానికి బదులు వీలునామా రాయడం సురక్షితం. వీలునామా మరణానంతరమే అమలులోకి వస్తుంది, బ్రతికి ఉండగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చును.

ఖర్చు భరించగలిగీ పిల్లలు నిరాకరించినపుడు అదే చట్టం క్రింద నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయల వరకు పోషణ వ్యయం కోరవచ్చును. తిండి, బట్ట, నివాసం, వైద్యం అన్నీ పోషణ క్రిందికే వస్తాయి. కుమారులే కాక కుమార్తెలు, మేజర్లయిన మనుమలు, మనుమరాళ్లు కూడా బాధ్యులే. సంతానం లేనివారు తమ ఆస్తికి వారసులు కాగల బంధువులను కోరవచ్చును. నోటీసు అందిన 90 రోజులలో, అవసరమైతే మరో 30 రోజుల గడువుతో, ట్రిబ్యునల్ తీర్పు చెప్పాలి. న్యాయవాదిని పెట్టుకోవలసిన పని లేదు; స్వయంగా రాలేనివారి తరపున వారు అధికారమిచ్చిన వ్యక్తి గాని, స్వచ్ఛంద సంస్థ గాని దరఖాస్తు చేయవచ్చును. అరసవల్లి వాసులు శ్రీకాకుళం రెవెన్యూ డివిజనల్ అధికారి కార్యాలయంలో దరఖాస్తు అందజేయాలి. ఆ ఉత్తర్వుపై అప్పీలు చేయదలచినవారికి 60 రోజుల వ్యవధి ఉంటుంది. సమీప గృహాల వివరాలకు, నిరాదరణపై ఫిర్యాదులకు ఉదయం 8 నుండి రాత్రి 8 గంటల వరకు ఎల్డర్‌లైన్ 14567 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చును.