ఐబీఎం పీసీలో డీఎంఏ: వేగం కోసమా, వేళ తప్పకుండానా?

ప్రాసెసర్ జోక్యం లేకుండా పరికరం నుంచి మెమరీకి డేటా నేరుగా వెళ్లే పద్ధతిని డీఎంఏ అంటారు. ప్రాసెసర్‌కు పని తగ్గుతుంది కాబట్టి కంప్యూటర్ వేగం పెరుగుతుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. 1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీ విషయంలో ఈ మాటను కొంచెం ఆచితూచి తీసుకోవాలి. ఐబీఎం తన టెక్నికల్ రిఫరెన్స్ పుస్తకంలో సర్క్యూట్ చిత్రాలతో పాటు బయోస్ ప్రోగ్రామును కూడా అచ్చువేసింది కాబట్టి, ఊహలతో పనిలేకుండా లెక్క కట్టి చూడవచ్చు.

పీసీలో వాడింది ఇంటెల్ 8237ఏ. దీనికి నాలుగు ఛానెళ్లు. రెండో నంబరు ఛానెల్ ఫ్లాపీది, 1983లో వచ్చిన ఎక్స్‌టీలో మూడోది హార్డ్ డిస్క్‌ది. సున్నా నంబరు ఛానెల్‌కు అప్పగించిన పని మాత్రం డేటా రవాణా కానే కాదు, మెమరీ రిఫ్రెష్.

డైనమిక్ ర్యామ్‌లో ఒక్కో బిట్టు ఒక చిన్న కెపాసిటర్‌లో ఛార్జిగా ఉంటుంది. అది క్షణ క్షణానికీ కారిపోతుంటుంది. ఆనాటి చిప్‌లలో 128 వరుసలనూ 2 మిల్లీసెకన్లకు ఒకసారైనా చదివి తిరిగి నింపాలి. బయోస్ ఇందుకోసం 8253 టైమర్‌లోని ఒక కౌంటర్‌లో 18 అనే అంకె వేస్తుంది. ఆ టైమర్ సెకనుకు సుమారు 11,93,000 సార్లు కొట్టుకుంటుంది కనుక 15.09 మైక్రోసెకన్లకోసారి డీఎంఏకు పిలుపు వెళ్తుంది. 128 పిలుపులకు 1.93 మిల్లీసెకన్లు, అంటే గడువుకు కాస్త లోపలే. తర్వాతి కాలంలో కొందరు ప్రోగ్రామర్లు తెర గీతలతో లయ కుదరడానికి 18 బదులు 19 వేశారు. అప్పుడు లెక్క 2.04 మిల్లీసెకన్లకు చేరి గడువు దాటుతుంది. అయినా మెమరీ చెరగలేదంటే, తయారీదారులు చెప్పిన గడువులో కొంత వెసులుబాటు ఉందని అర్థం. అయితే అన్ని చిప్‌లకూ ఇదే వర్తిస్తుందని అనుకోకూడదు.

ఈ రిఫ్రెష్‌కు మూల్యం ఉంది. ఒక్కోసారి 4 క్లాక్‌లు పడతాయి. రెండు పిలుపుల మధ్య ఉండేవి 72 క్లాక్‌లు. అంటే బస్ సమయంలో దాదాపు 5.6 శాతం దీనికే పోతుంది. ప్రోగ్రాము అంతే శాతం నెమ్మదిస్తుందని మాత్రం అనలేం. పీసీ ప్రాసెసర్ అయిన 8088 లోపల గుణకారం లాంటి సుదీర్ఘమైన పని సాగుతున్నంతసేపు దానికి బస్‌తో పనిలేదు. కనుక నష్టం ప్రోగ్రామును బట్టి మారుతుంది.

ఇక ఫ్లాపీ. తిరుగుతున్న డిస్క్ ఎవరి కోసమూ ఆగదు. 360 కిలోబైట్ల ఫ్లాపీ నుంచి 32 మైక్రోసెకన్లకో బైటు వస్తుంది, అంటే 4.77 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు సుమారు 153 క్లాక్‌లు. డీఎంఏ ఆ బైటును 5 క్లాక్‌లలో మెమరీకి చేరుస్తుంది. బైటు చిప్ లోపలికి కూడా వెళ్లదు. ఒకే సైకిల్‌లో పరికరానికి చదివే సంకేతం, మెమరీకి రాసే సంకేతం రెండూ అందుతాయి.

ఇది లేకపోతే ఏమయ్యేదో చూపే యంత్రాన్ని ఐబీఎమ్మే తయారుచేసింది. 1983 నవంబరులో ప్రకటించిన పీసీజూనియర్‌లో ధర తగ్గించే ప్రయత్నంలో డీఎంఏను తీసేశారు. రిఫ్రెష్ బాధ్యతను వీడియో సర్క్యూట్ చూసుకుంది. ఫ్లాపీ చదివేటప్పుడు మాత్రం ప్రాసెసర్ అంతరాయాలన్నీ మూసుకుని ఒక్కో బైటు కోసం కాచుకు కూర్చోవాల్సి వచ్చింది. ఆ కాస్త సేపట్లో కొట్టిన కీలు, సీరియల్ పోర్టులో వచ్చిన అక్షరాలు పోయేవి. పీసీజూనియర్ మెమరీని వీడియోతో పంచుకునేది కాబట్టి, దాని మొత్తం మందకొడితనాన్ని డీఎంఏ లేకపోవడానికి అంటగట్టడం న్యాయం కాదు. కీలు పోవడానికి మాత్రం కారణం నేరుగా కనిపిస్తూనే ఉంది. నా దృష్టిలో ఈ చిప్ విలువకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం లేదు.

దాని పరిమితులూ అంతే స్పష్టం. 8237ఏ చిరునామా 16 బిట్లే. పై నాలుగు బిట్లను పేజ్ రిజిస్టర్ అనే వేరే చిప్ పట్టి ఉంచుతుంది. కింది లెక్క 65,535 దాటి సున్నాకు తిరిగినా ఆ పై బిట్లు కదలవు. 65,400వ చిరునామా నుంచి 512 బైట్ల సెక్టారును చదివిస్తే, తొలి 136 బైట్లు సరైన చోటుకే చేరతాయి. మిగిలిన 376 మెమరీ మొదట్లో, సరిగ్గా అంతరాయాల పట్టిక ఉన్న చోట పడతాయి. బయోస్ దీన్ని ముందే పసిగట్టి 9వ నంబరు దోషం చూపుతుంది.

1984లో ఏటీ వచ్చేసరికి పరిస్థితి తారుమారైంది. ప్రాసెసర్ 6 మెగాహెర్ట్జ్‌లో నడుస్తుంటే డీఎంఏ 3 దగ్గరే ఆగింది. 16 బిట్ల పదానికి డీఎంఏ 5 క్లాక్‌ల చొప్పున 1.66 మైక్రోసెకన్లు తీసుకుంటే, 8088లో లేని స్ట్రింగ్ ఇన్‌పుట్ ఆదేశంతో ఏటీ ప్రాసెసర్ అయిన 80286, వేచి ఉండే క్లాక్‌లు (వెయిట్ స్టేట్లు) కలుపుకున్నా అంతకన్నా త్వరగా ముగించేది. ఏటీ హార్డ్ డిస్క్ కంట్రోలర్‌కు సొంత సెక్టారు బఫర్ ఉంది కనుక బైటు జారిపోతుందన్న భయమూ లేదు. ఆ డిస్క్‌ను డీఎంఏ నుంచి తప్పించి ప్రాసెసర్‌కే అప్పగించారు. రిఫ్రెష్‌కు వేరే సర్క్యూట్ పెట్టారు. ఆగని ఫ్లాపీ మాత్రం పాత రెండో నంబరు ఛానెల్‌లోనే ఉండిపోయింది.