మత్స్యవినోదము: గాలపువేట పూర్వచరిత్ర

సాయంకాలమున ఊరి చెఱువుగట్టుపై గాలము వేసికొని కూర్చున్నవానిని చూచి, పనిలేనివాడని నవ్వుట లోకసహజము. బుట్టలో రెండు పరిగెలైనను లేకుండ చీకటివేళకు ఇల్లు చేరినచో ఆ నవ్వు ఇంటిలోను తప్పదు. కాని ఈ వినోదమునకు మన దేశమున ఎనిమిదివందల యేండ్లకు పైబడిన శాస్త్రగౌరవము కలదు. చెఱువులోని చేప ఎవరిది, దానిని ఎప్పుడు పట్టరాదు, ఎట్లు పట్టరాదు అను ప్రశ్నలు అంతకన్నను ప్రాచీనములు. అవి నేటికిని తీరలేదు.

చేపలు పట్టుట మొదట జీవనోపాధి. కాళిదాసు శాకుంతలమున ఆఱవ అంకమునందు రాజముద్రిక దొరకినది ఒక జాలరికి. రోహితమత్స్యమును కోయగా దాని కడుపులో ఉంగరము కనబడినది. రక్షకభటులు వానిని దొంగయని తలచి కట్టి తెచ్చి, వాని వృత్తిని ఎగతాళి చేసిరి. తాను వలలతోను గాలములతోను కుటుంబమును పోషించుకొనుచున్నాననియు, పుట్టుకతో వచ్చిన పనిని ఎవరు నిందించినను విడువరాదనియు వాడు బదులు చెప్పెను. వలయు గాలమును ఆనాటికే వాడుకలో నున్నవని దీనివలన తెలియుచున్నది. రోహితమనగా మన శీలావతియే యని పండితులు చెప్పుదురు.

చేప ఎవరిదను ప్రశ్నకు కౌటిల్యుని అర్థశాస్త్రము సూటిగా సమాధానము చెప్పినది. సేతువులయందు, అనగా కట్టకట్టి నిలిపిన నీటియందు, చేపలపైనను, పడవదాటింపుపైనను, కూరాకులపైనను స్వామ్యము రాజుదే. జాలరులు తాము పట్టినదానిలో ఆఱవవంతు పడవబాడుగగా చెల్లింపవలెను. భూమికి శిస్తు ఉన్నట్లే నీటిలోని చేపకును లెక్క ఉండెడిదన్నమాట.

ఎప్పుడు పట్టరాదను ప్రశ్నకు అశోకుడు సమాధానమిచ్చెను. పట్టాభిషేకమైన 26 ఏండ్లకు వ్రాయించిన ఐదవ స్తంభశాసనమున, చాతుర్మాస్యపు పున్నములు మూడింటను, తిష్యపున్నమనాడును, ఉపవాసదినములందును చేపలను చంపరాదనియు అమ్మరాదనియు ఆజ్ఞాపించెను. కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి బండలపై ఆయన శిలాశాసనములు నేటికిని కలవు. వానిలో ఎనిమిదవది, పూర్వపు రాజులు వేట మొదలగు విలాసములకై విహారయాత్రలు చేసెడివారనియు, తాను వానికి మాఱుగా ధర్మయాత్రలు చేయుచున్నాననియు తెలుపుచున్నది.

ఇక వినోదముగా చేపలు పట్టుటను శాస్త్రముగ గ్రంథస్థము చేసిన కీర్తి కళ్యాణి చాళుక్యరాజైన మూడవ సోమేశ్వరునిది. ఆయన 1126 మొదలు 1138 వఱకు రాజ్యమేలెను. తెలంగాణమున పెక్కుభాగము అప్పుడు ఆ రాజ్యములోనిదే. ఓరుగల్లు కాకతీయులు ఆనాటికి చాళుక్య సామంతులు. ఆయన సంస్కృతమున రచించిన మానసోల్లాసమునకు అభిలషితార్థచింతామణి యని నామాంతరము. వింశతికి 20 అధ్యాయముల చొప్పున ఐదు వింశతులుగా 100 అధ్యాయములు గల ఆ గ్రంథము 1129 ప్రాంతమున వెలసినది. అందలి వినోదముల భాగమున గజములకు, మృగయకు చోటిచ్చినట్లే మత్స్యవినోదమునకును చోటిచ్చెను. నదులలోను సముద్రములోను తిరుగు 35 జాతుల చేపలు, వాని ఆహారములు, వానికి వేయవలసిన మేతలు, గాలపువేట పద్ధతి అందు వివరింపబడినవి. చేప నడవడిని తెలియనివానికి గాలము పట్టు అర్హత లేదని ఆ ప్రకరణము చెప్పకయే చెప్పుచున్నది.

గాలమును మన పురాణములు నీతికిని వాడుకొన్నవి. భాగవతము ఏకాదశస్కంధమున అవధూత తనకు గల ఇరువదినలుగురు గురువులలో చేపను చేర్చెను. జిహ్వచాపల్యముచేత ఎరను మ్రింగి ప్రాణము కోల్పోవుటయే అది నేర్పు పాఠము. ఆ పాఠము నీటిలోనివానికే గాదు, గట్టుమీదివానికిని వర్తించును.

ఆశకు లోనై గట్టుమీదివారు చేసిన చేటు సామాన్యము కాదు. మందుతోటా పేల్చియు, విషము కలిపియు చేపలను చంపుట పెరుగగా, 1897లో ఆ రెండింటిని నిషేధించుచు భారత మత్స్యపరిశ్రమ చట్టము వెలువడినది. తోటా పేలినచోట పెద్దచేపతో పాటు పిల్లయు నశించును. కొఱ్ఱమీను జంట తన గుడ్లను, పిల్లలను దగ్గఱనుండి కాపాడుకొనును. ఆ జంటను పట్టిన పిల్లలగుంపు పగచేపల పాలగును. గాలము వేయువాడు ఒక్కొక్క చేపనే పట్టును గనుక విడువదగినదానిని విడుచుటకు వానికి అవకాశము కలదు. తోటాకు ఆ విచక్షణ లేదు.

బొచ్చె, శీలావతి, ఎఱ్ఱమోసు నిలువనీటిలో గ్రుడ్లు పెట్టవు. పూర్వము వాని పిల్లలను నదులనుండియే తేవలసియుండెను. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పీయూషగ్రంథి సారమును ఎక్కించి కార్పుజాతి చేపలచేత గ్రుడ్లు పెట్టించుటతో చేపపిల్లల ఉత్పత్తి సులభమయ్యెను. నాటినుండి చెఱువులో చేప పెంపుడుపంట వంటిదైనది. పిల్లలను కొని వదలినవారికి దానిపై హక్కు కలుగుట న్యాయమే. అట్లని గాలపుకఱ్ఱ పట్టిన ప్రతివానిని దొంగగా చూచుట న్యాయమా? శాకుంతలమునాటి భటుల తొందరపాటు అదియే గదా!

మధ్యేమార్గము కష్టము గాదు. వినోదమునకు వచ్చువాడు హక్కుదారుల అనుమతి గైకొని, పెంపుడుచేప తగిలిన విడిచి, పరిగెతోను జెల్లతోను తృప్తిపడవలెను. కొఱ్ఱమీను పిల్లలతో తిరుగుచుండగా ఆ వైపు గాలము వేయరాదు. హక్కుదారులును గట్టున ఒక మూల వానికి విడువవలెను. పూర్వపు గ్రామలెక్కలలో చెఱువు విస్తీర్ణము, తూములు, ఆయకట్టు వ్రాసెడివారు. గట్టున కూర్చున్నవాని మనశ్శాంతికి గడి లేదు. లెక్కకు రాకున్నను అదియు ఊరి ఆస్తియే. రాజు తన గ్రంథమున చోటిచ్చిన వినోదమునకు ఊరు తన చెఱువున చోటీయలేదా?