కళ్లద్దాల షాపు: లెక్క తప్పితే గిరాకీ ఉన్నా నష్టమే

పొద్దంతా గిరాకీ ఉంటుంది. నెలాఖరుకు మాత్రం కిరాయి కట్టడానికి గల్లాలో డబ్బు ఉండదు. ఆప్టోమెట్రీ చదివి సొంతంగా షాపు పెట్టుకున్న కొందరి పరిస్థితి ఇదీ. పని రాక కాదు, లెక్క రాసుకోక వచ్చే ఇబ్బంది ఇది.

రోజుకు ఎన్ని జతలు అమ్మాలి?

ఉదాహరణకు ఒక చిన్న షాపు కిరాయి 18 వేలు, జీతాలు 27 వేలు, కరెంటు, ఫోన్ 5 వేలు, మెషీన్ల కిస్తీ 10 వేలు అనుకుందాం. మొత్తం 60 వేలు. ఒక జత కళ్లద్దాలు జీఎస్టీ కాకుండా సగటున 1,200కు అమ్మితే, ఫ్రేమ్, లెన్స్, ఫిట్టింగ్ ఖర్చు 600 పోను మిగిలేది 600. అంటే నెలకు 100 జతలు అమ్మితేనే ఖర్చులు వెళ్తాయి. 25 పని దినాలకు రోజుకు 4 జతలు. ఇందులో యజమాని జీతం లేదు. ఇంటి ఖర్చుకు 30 వేలు తీసుకోవాలంటే రోజుకు 6 జతలు అమ్మాల్సిందే. పది శాతం డిస్కౌంట్ ఇస్తే జతకు మిగిలేది 600 నుంచి 480కి పడిపోతుంది. అప్పుడు 6 కాదు, 7 లేదా 8 కావాలి.

డబ్బు ఎక్కడ ఇరుక్కుంటుంది?

అమ్ముడుపోని ఫ్రేముల్లో, ఉద్దెరలో. ప్రతి ఫ్రేమ్ మీద కొన్న నెల రాసి పెట్టుకోవాలి. ఏడాది దాటిన వాటిని కొన్న ధరకైనా తీసేయడం మేలు. పవర్ లెన్స్ ఒకరి కోసం చేయిస్తే ఇంకొకరికి పనికి రాదు. అందుకే ఆర్డర్‌తోనే కనీసం సగం అడ్వాన్స్ తీసుకోవాలి.

జీఎస్టీ సంగతి

2025 సెప్టెంబర్ 22 నుంచి చూపు కళ్లద్దాలు, ఫ్రేములు, లెన్సులపై పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పవర్ లేని చలువ అద్దాలకు 18 శాతమే. రెండూ అమ్మేవాళ్లు బిల్లులో వేర్వేరుగా చూపాలి. తెలంగాణలో ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు మాత్రమే అమ్మేవారికి ఈ పరిమితి 40 లక్షలు.

అప్పు, జకాత్

ముద్ర పథకంలో శిశు కింద 50 వేలు, కిశోర్ కింద 5 లక్షలు, తరుణ్ కింద 10 లక్షల వరకు తాకట్టు లేకుండా రుణం దొరుకుతుంది. కిస్తీ భారాన్ని ముందే నెల ఖర్చులో కలుపుకొని చూశాకే దరఖాస్తు చేయాలి.

జకాత్ లెక్కలో అమ్మకానికి ఉన్న ఫ్రేములు, లెన్సులు, గల్లా డబ్బు, బ్యాంకు నిల్వ వస్తాయి. పరీక్ష మెషీన్లు, ఫర్నిచర్ రావు. నిసాబ్‌కు చేరి చాంద్రమాన సంవత్సరం గడిస్తే 2.5 శాతం ఇవ్వాలి. బాకీల విషయం స్థానిక ముఫ్తీ సాబ్‌ను అడిగి తేల్చుకోవాలి. ఏడాదికోసారి స్టాక్ లెక్కపెట్టే షాపుకు జకాత్‌కైనా, ఆడిటర్‌కైనా అదే కాగితం సరిపోతుంది.

అన్నిటికన్నా ముందు షాపు ఖాతా, ఇంటి ఖాతా వేరు చేయాలి. గల్లాలోంచి తీసిన ప్రతి రూపాయీ ఆ రోజే రాయాలి.