అడవి అంచున ఇండ్లు – విక్టోరియా దావానలముల చరిత్ర

తెలుగువారికి కార్చిచ్చు కథలు క్రొత్తవి కావు. భారతములోని ఖాండవ దహనమును, భాగవతములో శ్రీకృష్ణుడు దావాగ్నిని మ్రింగి గోపాలకులను కాపాడిన వృత్తాంతమును వారు తరతరములుగా వినుచున్నారు. భాగవత కథలో భగవంతుడే రక్షించెను. అట్టి రక్షణ లేనిచోట మనుష్యుడు ముందుగా మేల్కొననిచో నేమగునో తెలుపు చరిత్ర యొకటి ఆస్ట్రేలియా దేశములోని విక్టోరియా రాష్ట్రమున కలదు.

భూగోళపు దక్షిణార్ధమున నుండుటచే ఆ రాష్ట్రమునకు డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలలు వేసవి. అచ్చటి అడవులలో యూకలిప్టస్ జాతి వృక్షములు ప్రధానములు. జామాయిల్ తోటలను చూచినవారికి ఆ యాకులలోని తైలపు వాసన తెలియును. ఆ తైలము సులభముగా మండును. బెరడు పేలికలుగా ఊడి వ్రేలాడుచుండును. నిప్పంటిన ఆ పేలికలను పెనుగాలి కిలోమీటర్ల కొలది దూరము మోసికొనిపోయి క్రొత్తచోట మంట పుట్టించును. మౌంటెన్ యాష్ అను మహావృక్షము దావాగ్నిలో తాను చచ్చి, బూడిదపై విత్తనములు రాల్చి, మరల మొలచును. అనగా ఆ యడవులకు అగ్ని యనాదిగా తోడున్నది. ఆ దేశపు ఆదివాసులు చాల ప్రాంతములలో అనుకూలమైన కాలము చూచి చిన్న చిన్న మంటలు పెట్టి, ఎండుగడ్డిని తగ్గించుచు వేలకొలది సంవత్సరములు జీవించిరి.

1835లో మెల్బోర్న్ నగరమునకు పునాది పడినది. ఐరోపావారి వలసలతో ఆదివాసుల ఆ వాడుక చాలవరకు అంతరించెను. 1851 ఫిబ్రవరి 6వ తేదీన చెలరేగిన మంటలు సుమారు 50 లక్షల హెక్టారుల నేలను, అనగా విక్టోరియాలో నాలుగవ వంతును, కాల్చివేసెను. అయినను అడవిలోనికి జనుల ప్రయాణము ఆగలేదు. కలప కొరకు కొండలలో కోత మిల్లులు వెలసెను. కూలీలు భార్యాబిడ్డలతో మిల్లుల ప్రక్కనే కొయ్య యిండ్లు కట్టుకొని కాపురముండిరి.

1939 జనవరి 13, శుక్రవారము. చాలకాలముగా వానలు లేక నేల ఎండిపోయియుండెను. ఆనాడు మెల్బోర్న్‌లో వేడిమి 45.6 డిగ్రీల సెంటిగ్రేడునకు చేరెను. అంతకు ముందే అచ్చటచ్చట రగులుచున్న మంటలు గాలితో ఏకమై కొండలను చుట్టుముట్టెను. 71 మంది ప్రాణములు పోయెను; 69 మిల్లులు బూడిదయ్యెను; సుమారు 20 లక్షల హెక్టారుల భూమి కాలిపోయెను. కొన్ని మిల్లుల యొద్ద తలదాచుకొనుటకు భూమిలో త్రవ్వియుంచిన గుంటలు కొందరిని కాపాడెను. కొన్నిచోట్ల ఆ గుంటలే లేవు.

ప్రభుత్వము న్యాయాధిపతి లెనార్డ్ స్ట్రెటన్ గారిని విచారణకై నియమించెను. పొలము చదును చేయువారు, పశువులను మేపువారు, గనులు వెదకువారు, విహారమునకు వచ్చినవారు నిర్లక్ష్యముగా వదలిన నిప్పులే ప్రధాన కారణమని ఆయన తేల్చెను. ఆ తరువాత మిల్లులు క్రమముగా అడవి విడిచి ఊళ్ళకు చేరెను. 1944లో మరల మంటలు రాగా, స్ట్రెటన్ గారే మరియొక విచారణ జరిపిరి. 1945లో గ్రామీణ ప్రాంతములకు స్వచ్ఛంద సేవకులతో కూడిన అగ్నిమాపక సంస్థ యేర్పడెను.

మిల్లులు తిరిగివచ్చిన త్రోవలోనే కొన్ని దశాబ్దములకు నగరవాసులు అడవికి బయలుదేరిరి. చల్లని గాలికి, పచ్చదనమునకు ఆశపడి కొండ వాలులలో గృహములు నిర్మించుకొనిరి. 1983 ఫిబ్రవరి 16న విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రములలో 75 మంది మంటలకు బలియైరి. 2009 ఫిబ్రవరి 7న మెల్బోర్న్ వేడిమి 46.4 డిగ్రీలు. ఆనాడు 173 మంది మరణించిరి. రెండువేలకు పైగా ఇండ్లు నశించెను. మేరీస్‌విల్ పట్టణము దాదాపు పూర్తిగా కాలిపోయెను. మృతులలో 113 మంది ఇండ్లలోనే ప్రాణములు విడిచిరి. ఇంటిని సిద్ధపరచి నిలిచి పోరాడుట, లేదా చాల ముందుగా వెడలిపోవుట – ఈ రెండే అచ్చటి వారికి చెప్పబడిన మార్గములు. చాలమంది రెంటి నడుమ ఊగిసలాడి, పొగ కమ్మిన పిదప ఏమి చేయుటకును వీలులేక చిక్కుకొనిరి.

ఇండ్లు కాలు విధమును పరిశీలించినవారు ఒక సంగతిని స్పష్టపరచిరి. అగ్నిజ్వాల గోడను తాకకముందే నిప్పురవ్వలు వచ్చి చూరుక్రింద, కప్పు మీది ఎండుటాకులలో, గోడకానించిన కట్టెల మోపులో దూరి ఇంటి నంటించును. కొండ వాలు పది డిగ్రీలు పెరిగిన కొలది పైకి ప్రాకు మంట వేగము రెట్టింపగును. కావున వేసవికి ముందే కప్పుమీది ఆకులు తీసివేయుట, ఇంటిచుట్టు గడ్డి కోయుట, కట్టెలు దూరముగా పేర్చుట, గాలిరంధ్రములకు సన్నని ఇనుప వల బిగించుట, ఏ దినమున ఏ దారిన వెడలవలెనో ఇంటిల్లిపాది ముందే నిశ్చయించుకొనుట అవసరమని బోధింపబడుచున్నది. అయినను ఏ జాగ్రత్తయు చాలని స్థలములు కలవు. 2010లో విచారణ సంఘము తన 67 సిఫారసులలో, మిక్కిలి అపాయకరమైన చోట్ల నుండి వెడలిపోదలచినవారి భూమిని ప్రభుత్వమే కొనవలెనని కూడ సూచించెను. ఎట్లు కట్టవలెననుటకంటె ముందు, ఎక్కడ కట్టరాదో తెలిసికొనవలెనని దాని భావము.

ఎండు మామిడాకు రాలు కాలమున తాటాకు పాకల నడుమ ఒక్క నిప్పురవ్వ ఏమి చేయునో తెలుగు గ్రామములకు తెలియును. నల్లమల వంటి అడవులలో వేసవికి ముందే గడ్డిచెక్కి అగ్నిరేఖలు తీర్చుటలోని నీతియు అదియే. విక్టోరియాలో తెలివిగలవారు లేకపోలేదు. 1939 నాటి విచారణ నివేదిక అచ్చై అందరికిని అందుబాటులోనే యున్నది. దానిని చదివిన తరము గడచి, చదువని తరము కొండ యెక్కినది. మంట చల్లారిన పిదప చదివిన గ్రంథము దుఃఖమును మాత్రమే చెప్పును. వేసవికి ముందు చదివినచో అదే గ్రంథము ఒక ఇంటినైనను నిలుపును.