అంగడికిని నోటికిని నడుమ

అంగట్లో అన్నియు నున్నవి, అల్లుని నోట శని యున్నదని మనవారి సామెత. సరుకు లేక కాదు, ఉన్న సరుకు నోటికందక మనుష్యుడు పస్తుండుట ఇందలి విషాదము. సామెత కట్టినవాడు నెపమును గ్రహముపై నెట్టి ఊరకుండెను. అంగడికిని నోటికిని నడుమ గల దారి ఎట్లున్నదో నడచి చూచినవారు మాత్రము అరుదు. వైద్యచరిత్రలో ఆ దారిని నడచి, కొలిచి, బాగుచేయ నేర్చినవారి కథను మేము ఈనాడు మనవి చేయదలచితిమి. ఆ విద్యకు ఇప్పుడు ఇంప్లిమెంటేషన్ సైన్సు అను పేరు వాడుకలో నున్నది. మనము అమలు శాస్త్రమని చెప్పుకొనవచ్చును. మందు పనిచేయునా యని అడుగునది వైద్యశాస్త్రము. పనిచేయునని తేలిన మందు అక్కర గలవారందరికి తప్పక అందుటెట్లని అడుగునది ఈ శాస్త్రము.

పేరు క్రొత్తది గాని పని ప్రాతది. అది మన పొరుగుననే జరిగినది. క్షయరోగము సోకినవాడు మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము వంటి శానటోరియములో మాసముల తరబడి పడక పట్టవలెనని ఒకప్పుడు పెద్దల నమ్మకము. పడకలో కొలది, రోగులో లక్షలు. 1956లో మద్రాసున నెలకొల్పబడిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము ఒక ప్రశ్న వేసికొనెను: ఇరుకు ఇండ్లలో, చాలీచాలని తిండితో నుండువారికి అవే మందులిచ్చిన ఏమగును? 1959లో సమాధానము వెలువడెను. ఇంటిపట్టున మందు తిన్నవారును, శానటోరియములో తిన్నవారును ఇంచుమించు సమముగనే స్వస్థులైరి. ఇంటిలోని తక్కినవారికి రోగము సోకుటలోను చెప్పదగిన భేదము కనబడలేదు.

మందు పల్లెకు పోవచ్చునని తేలినది. దానిని తీసికొనిపోవువారెవరు? 1959లోనే బెంగుళూరున వెలసిన జాతీయ క్షయరోగ సంస్థ ఈ భారము తలకెత్తుకొనెను. పల్లెవారికి రోగజ్ఞానము లేదనియు, వారు ఆసుపత్రి గడప త్రొక్కరనియు పట్టణవాసులు తలచుచుండిరి. ఆ సంస్థకు చెందిన డి. బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ అనువారు తుమకూరు జిల్లాలో రోగులతోనే ముచ్చటించి, 1963లో ప్రకటించిన సంగతి వేరు. క్షయ గలవారిలో సుమారు సగము మంది అదివరకే వైద్యశాలకు పోయి యుండిరి. అచ్చట వారికి దొరికినది దగ్గుమందు సీసా! లోపము రోగి నోట లేదు. ఆసుపత్రి గడపకు లోపలి ప్రక్కన నున్నది.

1961లో మన అనంతపురము జిల్లాలో తొలి మాదిరి జిల్లా క్షయ కేంద్రము ఏర్పడెను. పిదప జిల్లా వెంబడి జిల్లాకు అట్టి కేంద్రములు వ్యాపించెను. బెంగుళూరు సంస్థ తరిబీతు చేసినది ఒక్క వైద్యుని గాదు, ఒక జట్టును. కఫమును సూక్ష్మదర్శినితో పరీక్షించువాడు, ఎక్స్‌రే తీయువాడు, చికిత్స నడుపువాడు, లెక్కలు వ్రాయువాడు, వీరందరును వైద్యాధికారితో కూడ శిక్షణ పొందిరి. రావలసిన దినమున రాని రోగి ఎవడో పట్టిక చూచి పోల్చుకొని కబురంపుటయు ఒక విద్యయే యని అప్పుడు గుర్తింపబడెను.

ఇరువది యేండ్లు గడచెను. 1981 జూన్‌లో అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరమున ఐదుగురు పురుషులకు వచ్చిన వింత న్యుమోనియాతో ఎయిడ్స్ సంగతి లోకమునకు తెలియవచ్చెను. 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థ శాస్త్రజ్ఞులు అందులకు కారణమైన వైరస్‌ను వేరుపరచిరి. మన దేశమున అది ప్రవేశించినదని 1986లో కనుగొన్నవారు మద్రాసు వైద్య కళాశాలకు చెందిన డాక్టరు సునీతి సోలమన్, ఆమె శిష్యురాలు నిర్మల. 1996లో వాంకూవర్ మహాసభయందు మూడు మందులను కలిపి యిచ్చినచో హెచ్.ఐ.వి. అణగి యుండునని తేటపడెను. అయితే ఏడాది మందుల వెల పదివేల డాలర్లకు మించి యుండెను. 2001 ఫిబ్రవరిలో మన దేశపు సిప్లా కంపెనీ ఆ మూడు మందులను ఏటికి 350 డాలర్లకే ఒక సేవాసంస్థ కిత్తునని ప్రకటించి లోకమును ఆశ్చర్యపరచెను. సరుకు అంగడికి చేరినది.

మరల శని మాట వినవచ్చెను. గడియారము చూచు అలవాటు లేని ఆఫ్రికావారు వేళ తప్పక మాత్రలు మ్రింగలేరని, ఒక ధనిక దేశపు సహాయ సంస్థ అధిపతి 2001లో బహిరంగముగా పలికెను. 2006లో పెక్కు పరిశీలనలను ఒక్కచోట కూర్చి చూడగా, మందు సక్రమముగా వాడువారు ఉత్తర అమెరికాలో నూటికి 55 మంది, సహారాకు దక్షిణముననున్న ఆఫ్రికాలో నూటికి 77 మంది యని తేలెను. తుమకూరు పాఠమే ఇచ్చటను పునరుక్తమైనది.

అయినను ఒక చిక్కు నిజముగనే యుండెను. ఆగ్నేయ ఆఫ్రికాలోని మలావి దేశమును తీసికొందము. పేద దేశము, హెచ్.ఐ.వి. విరివిగా వ్యాపించిన దేశము. ఆనాడు లక్ష జనులకు ఇద్దరు వైద్యులైనను సరిగా లేకుండిన దేశము. వైద్యులు చదివి వచ్చువరకు వేచియుండుమన్న, రోగులను చావు వరకు వేచియుండుమన్నట్లే. 2004లో మలావి ప్రభుత్వము ఉచిత చికిత్సను దేశమంతట విస్తరింప పూనుకొనెను. అందులకు మార్గము చూపినది ఆ దేశపు క్షయ నివారణ పథకమే. కారెల్ స్టిబ్లో అను వైద్యుడు 1970లలో టాంజానియాలో ఆరంభించిన పద్ధతి అది: ప్రతి మూడు మాసములకు చికిత్సలో చేరినవారినందరిని ఒక జట్టుగ నెంచి, వారిలో బ్రదికినవారెందరు, మరణించినవారెందరు, కానరానివారెందరు అని లెక్క తేల్చుట. మలావిలో క్షయ పథకమునకు తోడ్పడిన ఆంథొనీ హారీస్ అను బ్రిటిషు వైద్యుడును, ఆ దేశపు ఆరోగ్యశాఖవారును దానినే హెచ్.ఐ.వి.కి అన్వయించిరి.

వారు మొదట చేసిన పని విషయమును తేలిక పరచుట. మూడు మందులు కలిసిన ఒకే మాత్ర, ఉదయమొకటి, సాయంత్రమొకటి. రోగికొక కార్డు, చికిత్సాలయమునకొక రిజిస్టరు. క్లినికల్ ఆఫీసర్లకు, నర్సులకు కొన్ని దినముల తరగతి బోధ. పిదప నడుచుచున్న చికిత్సాలయమున చేతితో చేసి నేర్చుకొను అభ్యాసము. అంతటితో శిక్షణ ముగియలేదు. మూడు మాసములకొకమారు పర్యవేక్షకుల బృందము ప్రతి కేంద్రమునకు వచ్చి, రిజిస్టరులోని రోగుల లెక్కను అలమరలోని మాత్రల లెక్కతో సరిచూచుచుండెను. తప్పులు దిద్దుచు, బాగుగ నడుపుచున్న కేంద్రములకు ప్రశంసాపత్రము లిచ్చుచుండిరి. మా దృష్టిలో అసలైన బడి ఇదియే; తరగతి గది దానికి వాకిలి మాత్రమే. 2007 చివరకు మలావిలో చికిత్స ఆరంభించినవారి సంఖ్య లక్ష దాటెను.

వైద్యుడు చేయవలసిన పని నర్సు చేసిన రోగికి హాని కలుగదా? ఇది న్యాయమైన శంక. దక్షిణాఫ్రికాలో 812 మంది రోగులను రెండు భాగములు చేసి, ఒక భాగమును వైద్యులకు, ఒక భాగమును శిక్షణ పొందిన నర్సులకు ఒప్పగించి చూచిరి. నర్సుల చికిత్స వైద్యుల చికిత్సకు తీసిపోలేదని 2010లో ప్రకటించిరి.

2011లో మలావి మరియొక సాహసము చేసెను. తల్లినుండి బిడ్డకు వైరస్ సోకకుండ మందులీయవచ్చునని 1994 నుండియు తెలియును. అయితే ఏ తల్లికి జీవితాంతము మందు కావలెనో తేల్చుటకు సి.డి.4 అను రక్తపరీక్ష ముఖ్యముగా ఉండెను. ఆ యంత్రములు పల్లె వైద్యశాలలలో లేవు. పరీక్ష లేక చికిత్స ఆగుటకంటె, వైరస్ ఉన్న ప్రతి గర్భిణికిని, పాలిచ్చు తల్లికిని పరీక్ష కోసము వేచియుండక జీవితాంత చికిత్స ఆరంభింపుడని ప్రభుత్వము శాసించి, వేలాదిమంది సిబ్బందికి తిరిగి శిక్షణ ఇచ్చెను. 2011 రెండవ త్రైమాసికమున 1,257 మంది గర్భిణులు, పాలిచ్చు తల్లులు చికిత్సలో చేరగా, 2012 మూడవ త్రైమాసికమున 10,663 మంది చేరిరి. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని ఇతర దేశములకును సూచించెను. పేద దేశము లోకమునకు పాఠము చెప్పినది.

కథ ఇంతటితో ముగిసినచో అది స్తోత్రమగును గాని చరిత్ర కాదు. చేరిన తల్లులలో నూటికి 17 మంది ఆరు మాసములలోపల కనబడకపోయిరని 2014లో వెల్లడియైనది. గర్భవతులై మందు పుచ్చుకొన్నవారు, జబ్బు ముదిరి వచ్చినవారికంటె ఐదింతలు ఎక్కువగా మొదటి దినము తరువాత మరల గడప త్రొక్కలేదు. వారిని అజ్ఞానులందమా? ఒంటిలో ఏ బాధయు లేని యువతికి, కడుపులోని బిడ్డను చూపింప వచ్చిన నాడే, జీవితాంతము మందు తినవలెనని చెప్పిన, ఆమె భర్తతో ఏమి చెప్పగలదు? అత్తవారికి మాత్రల సీసా ఎట్లు చూపగలదు? ఈ ప్రశ్నలు అడిగిన పిమ్మట, ఇదే దారి నడచిన తోటి తల్లులను ఆమెకు తోడిచ్చి చూచిరి. అట్లు తోడు దొరికిన చోట్ల ఎక్కువమంది చికిత్సలో నిలిచిరి. ఇదియంతయు ఆ త్రైమాసిక పట్టిక యుండబట్టియే తెలిసినదని మరువరాదు. లెక్క లేనిచో ఆ తల్లులు లేనట్లే యుందురు.

ఇట్టి అనుభవములనుండి అమలు శాస్త్రము విశ్వవిద్యాలయములకు పాఠ్యమైనది. 2006లో ఆ పేరుతోనే ఒక శాస్త్రపత్రిక ఆరంభమైనది. కెన్యా, మొజాంబిక్, ఐవరీ కోస్టు దేశములలో 36 చికిత్సాలయములందు జరిగిన ఒక ప్రయత్నము ఈ విద్య స్వరూపమును చక్కగ చూపును. వచ్చిన తల్లులలో ఎందరు ఏ మెట్టువద్ద జారిపోవుచున్నారో నర్సులే లెక్క కట్టుదురు. రోగి నడచు దారిని గడప మొదలు మందుల గది వరకు కాగితముపై గీయుదురు. ఒక చిన్న మార్పు చేసి, మరల లెక్క చూతురు. మార్పు ఫలించిన నిలుపుదురు, లేనిచో వేరొకటి ప్రయత్నింతురు. ఇందు గొప్ప యంత్రము లేదు. తన పనిని తానే పరీక్షించుకొను బుద్ధిని అభ్యాసముచే అలవరచుట యున్నది.

మన దేశమున ఉచిత చికిత్స 2004 ఏప్రిల్ 1న ఎనిమిది ప్రభుత్వ ఆసుపత్రులతో ఆరంభమైనది. 2017లో పేద దేశములకై ఒక క్రొత్త మిశ్రమ మాత్రను ఏటికి సుమారు 75 డాలర్లకు అందింప ఒప్పుకొన్న రెండు కంపెనీలలో ఒకటి హైదరాబాదుకు చెందిన అరబిందో. పదివేలు ఎక్కడ, డెబ్బదియైదు ఎక్కడ! అయినను 2023లో, మూడు కోట్ల మందికి పైగా చికిత్స పొందుచుండగా, ఈ రోగమువలన ఆరు లక్షల మందికి పైగా మరణించిరి. అంగడిలో మందు లేక కాదు.

కావున ఎచ్చటనైనను మంచి మందు ఉండియు మనుష్యుడు చచ్చుచున్నాడని వినినపుడు, అతని నోట శని యున్నదని తీర్పు చెప్పుటకు ముందు దారిని ఒకమారు చూడవలెనని మేము విన్నవించుచున్నాము. అనంతపురములో పట్టిక వ్రాసిన గుమాస్తా, మలావిలో మాత్రలు లెక్కించిన నర్సు ఆ దారిని బాగుచేసినవారే. వారికి విగ్రహములు లేవు. వారు తరిబీతు చేసినవారు మాత్రము కలరు. రిజిస్టరులో ఖాళీగానున్న గడిని చూచి, ఈమె నేడు రాలేదేమని అడుగువారు కలరు.