రక్షణకణముల లెక్క

హైదరాబాదులోని జూబిలీ హిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతము తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నిలయము. అచటనే 1998లో నటుడు చిరంజీవి పేర రక్తనిధి యొకటి వెలసినది. దాతలిచ్చు రక్తమును హెచ్.ఐ.వి. కొరకు పరీక్షించుట మన దేశమున 1989లోనే విధిగా చేయబడినది. అయితే ఈ పరీక్ష వైరస్ సోకినదా, లేదా అనునది మాత్రమే తెలుపును. సోకినవాని శరీరమునకు పోరాడు శక్తి ఎంత మిగిలియున్నది? దీనికి సమాధానము వేరొక పరీక్షలో కలదు. దాని కథ మరియొక చలనచిత్ర నగరమున మొదలైనది.

1981 జూన్ 5న వెలువడిన నివేదిక యొకటి, అమెరికాలోని లాస్ ఏంజిలిస్‌లో ఐదుగురు యువకులకు అరుదైన న్యుమోనియా సోకినట్లు తెలిపెను. నిరోధకశక్తిని తెలిసికొనుటకు అంతకు పూర్వము క్షయ పరీక్షలో వలె చర్మములోనికి కొద్దిపాటి ప్రోటీనును ఎక్కించి, దద్దురు లేచునో లేదో చూచెడివారు. డాక్టర్ మైకేల్ గాట్లీబ్ బృందము మాత్రము కణములనే లెక్కించి చూచెను. నిరోధకశక్తిని నడిపించు సహాయక టి-కణములు ఆ రోగులలో దాదాపు కానరాలేదు!

ఈ లెక్క ఎట్లు సాధ్యమైనది? ఒకే లక్ష్యమును గుర్తుపట్టు ప్రతిరక్షకములను తయారుచేయు విధానమును 1975లో కోహ్లర్, మిల్‌స్టీన్ అను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అట్టి ప్రతిరక్షకమునకు వెలుగునిచ్చు రంగును జతచేసి రక్తములో కలిపినచో, అది సహాయక కణములపై నున్న సి.డి.4 అను ప్రోటీనునకు అంటుకొనును. పిమ్మట ఫ్లో సైటోమీటరు అను యంత్రములో, ప్రొజెక్టరు దీపము ముందు ఫిల్ములోని బొమ్మలు సాగినట్లు, కణములు ఒక్కొక్కటిగా లేజరు కిరణము ముందు సాగును. వెలిగిన కణములను యంత్రము లెక్కించును. ఆరోగ్యవంతుని రక్తమున ఘన మిల్లీమీటరుకు ఇవి సుమారు 500 నుండి 1500 వరకు ఉండును. సి.డి.4 ప్రోటీనే ఈ వైరస్‌కు ద్వారమని 1984లో తేలినది. లెక్క 200కు తగ్గినచో, పైకి ఆరోగ్యముగా కనబడువానికి సైతము ప్రాణాపాయము పొంచియుండును.

1986లో మద్రాసున డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని నిర్మల కృషివలన ఈ వైరస్ మన దేశమున తొలిసారి బయటపడినది. 2004 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్‌తో సహా కొన్ని రాష్ట్రములలో ప్రభుత్వము ఉచితముగా మందులిచ్చుట ఆరంభించెను. నాడు వ్యాధి లక్షణములు లేనివారు తమ లెక్క 200కు పడిపోవువరకు కాచుకొనవలసి వచ్చెను. అట్లు కాచుకొనుట హానికరమని 2015లో అంతర్జాతీయ పరిశోధన నిరూపించెను. 2017 నుండి మన దేశమున, లెక్క ఎంత యున్నను, వైరస్ సోకిన ప్రతివారికి మందు ఇచ్చుచున్నారు.

నేడు మందు పనిచేయుచున్నదా అని తెలిసికొనుటకు రక్తములోని వైరస్ పరిమాణమునే కొలుచుచున్నారు. అయినను ఆలస్యముగా వైద్యమునకు వచ్చినవానికి ఎంతటి ముప్పు ఉన్నదో సి.డి.4 లెక్కయే హెచ్చరించును. ఒకనాడు మందునకు అడ్డుగోడ యైన అంకె, నేడు అపాయమును ముందుగా తెలుపు సూచిక యైనది.