పట్టా ఒకరిది, కాస్తు ఒకరిది

నల్లగొండ పక్కన పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం కందూరు చోళుల కాలానిది. ఆ రాజుల నాటి ఉదయసముద్రం చెరువు ఇవాళ్టికీ ఊరిని ఆదుకుంటోంది. ఇంత పాత రాళ్ల మధ్య తిరిగే మనకు ఇజ్రాయెల్, పాలస్తీనాల తగువు వార్తల్లోకి వచ్చినప్పుడల్లా ఒక మాట వినబడుతుంది. అది వేల ఏళ్ల పగ అనీ, మతాల మధ్య పుట్టిందనీ, తెగేది కాదనీ. ఈ మాట తప్పు. ఆ తగువుకు నూటయాభై ఏళ్లు కూడా నిండలేదు. మతం అందులో ఉంది, కాదనను. మొలకెత్తింది మాత్రం భూమి కాగితాల్లోనే. అందుకే నల్లగొండ రైతు బిడ్డలకు అది అర్థం కాని కథేమీ కాదు.

పాలస్తీనా నాలుగు వందల ఏళ్లు తురుష్క సుల్తానుల ఏలుబడిలో ఉంది. 1858లో ఇస్తాంబుల్ సర్కారు కొత్త భూచట్టం తెచ్చింది. భూమి ఎవరో ఒకరి పేరున నమోదు కావాలంది. అప్పటిదాకా పల్లెల్లో చాలా భూమి ఊరుమ్మడిది. కొన్నేళ్లకోసారి పాళ్లు వేసుకుని దున్నుకునేవారు. పేరు రాయిస్తే శిస్తు మీద పడుతుందని, కొడుకును పటాలానికి పట్టుకుపోతారని రైతులు జంకారు. పట్నం షావుకార్లు, పెద్ద కుటుంబాలు మాత్రం జంకలేదు. 1870 ప్రాంతంలో బీరూట్‌కు చెందిన సుర్సుక్ కుటుంబం జెజ్రీల్ మైదానంలో ఊళ్లకు ఊళ్లు కొనేసింది. దున్నేవాళ్లు ఎప్పటిలాగే దున్నారు, కౌలు కట్టారు.

దాదాపు ఆ రోజుల్లోనే నిజాం రాజ్యంలో సాలార్‌జంగ్ సంస్కరణలు, వాటి వెంట భూముల కొలతలు మొదలయ్యాయి. దేశ్‌ముఖులు వేలాది ఎకరాలు తమ పేర రాయించుకున్నారు. పాత పహాణీ నకలు చూడండి. ఒక గడిలో పట్టాదారు పేరు, మరో గడిలో కాస్తు చేసేవాడి పేరు. ఆ రెండో గడిలో పేరెక్కడం కోసం ఎన్ని కుటుంబాలు పట్వారీ గడప అరగదీశాయో జిల్లాలో ఏ ఊరి ముసలివాళ్లనడిగినా చెబుతారు. జెజ్రీల్ రైతుకు ఆ రెండో గడి కూడా లేదు.

కొనడానికి వచ్చినవాళ్లవీ కష్టాల బతుకులే. 1881లో రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్ హత్య తర్వాత అక్కడ యూదుల ఇళ్ల మీద మూకలు పడ్డాయి. లక్షలమంది ఊళ్లు విడిచారు. ఎక్కువమంది అమెరికా దారి పట్టారు, కొద్దిమంది 1882 నుంచి పాలస్తీనాకు వచ్చారు. 1896లో థియోడోర్ హెర్జల్ యూదులకు ఒక రాజ్యం కావాలంటూ పుస్తకం రాశాడు. మరుసటి ఏడు స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఆ కోరికతో యూదుల మొదటి మహాసభ జరిగింది. 1910లో సుర్సుక్ కుటుంబం జెజ్రీల్ మైదానంలోని ఫూలా గ్రామం భూములను యూదు జాతీయ నిధికి అమ్మింది. నజరేతు అధికారి షుక్రీ అల్ అసలీ ఆ బదలాయింపు చేయనని మొండికేశాడు, పత్రికల్లో రాశాడు. ఆపలేకపోయాడు. కౌలుదారులు ఖాళీ చేసి పోవలసి వచ్చింది. 1911లో అక్కడ మెర్హావియా అనే యూదుల ఊరు వెలిసింది. కొన్నవాళ్లు రొక్కం చెల్లించే కొన్నారు. ఖాళీ చేసి పోయినవాళ్లు తాతల నాటి నుంచి ఆ మట్టినే దున్నారు. తగువు పుట్టుక నాకు అక్కడే కనిపిస్తుంది.

దానికి ఆజ్యం పోసింది బ్రిటిష్ వాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో మక్కా షరీఫ్ హుసేన్‌కు అరబ్బుల స్వాతంత్ర్యం ఆశ చూపుతూ ఉత్తరాలు రాశారు. 1916లో అదే నేలను ఫ్రాన్స్‌తో రహస్యంగా పంచుకున్నారు. 1917 నవంబరు 2న విదేశాంగ మంత్రి బాల్ఫర్ యూదులకు అక్కడ జాతీయ నివాసం ఇస్తామని ప్రకటించాడు. ఆ లేఖలో అరబ్బుల పేరే లేదు. జనాభాలో పదింట తొమ్మిది వంతులున్న వాళ్లను ‘యూదేతరులు’ అన్న మాటతో సరిపెట్టారు.

ఈ యుద్ధంలో మన రాజ్యమూ ఉంది. తురుష్క సుల్తాను ఖలీఫా అయినా సరే, ముస్లింలు బ్రిటిష్ వారి పక్షానే నిలవాలని 1914లో ఏడో నిజాం ప్రకటించాడు. హైదరాబాద్ లాన్సర్లు మైసూరు, జోధ్‌పూర్ అశ్వదళాలతో కలిసి పాలస్తీనాలో బ్రిటిష్ జనరల్ అలెన్‌బీ సేనలో పనిచేశారు. వాళ్ల డివిజన్ 1918 సెప్టెంబరులో దిగింది ఫూలా ఉన్న ఆ మైదానంలోకే. సెప్టెంబరు 23న జోధ్‌పూర్, మైసూరు రౌతులు హైఫాను గెలిచారు. ఢిల్లీ తీన్‌మూర్తిలోని మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ దళానిది. ఎవరి గుర్రాలు ఎవరి రాజ్యానికి దారి వేశాయో మన చరిత్ర పాఠాల్లో చెప్పరు. చెప్పాలి.

1920లలో, 30లలో వలసలు పెరిగాయి, 1929లో అల్లర్లు రేగాయి, 1936లో అరబ్బులు తిరగబడ్డారు. హిట్లర్ 60 లక్షల మంది యూదులను చంపించాడు. బతికి బయటపడ్డవాళ్లకు తల దాచుకునే చోటు లేకపోయింది. 1947 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి 33–13 ఓట్లతో పాలస్తీనాను రెండుగా చీల్చమంది. ఒకే సమాఖ్య దేశంగా ఉంచాలని వాదించిన భారత్ వద్దని ఓటేసింది. నిజాంకు, భారత ప్రభుత్వానికి మధ్య యథాతథ ఒప్పందం కుదిరిందీ ఆ రోజే. 1948 సెప్టెంబరు 17న ఇక్కడ నిజాం లొంగిపోయాడు. ఆనాడే జెరూసలేంలో సమితి మధ్యవర్తి కౌంట్ బెర్నడాట్‌ను యూదు తీవ్రవాదులు కాల్చి చంపారు. భారత్ ఇజ్రాయెల్‌ను గుర్తించింది 1950లో, అదీ సెప్టెంబరు 17నే.

తేదీలు కలవడం కాకతాళీయం కావచ్చు. చట్టాలు మాత్రం కాకతాళీయంగా రావు. ఇజ్రాయెల్ ఏర్పడ్డ 1948 నాటి యుద్ధంలో ఏడు లక్షలకు పైగా పాలస్తీనీయులు ఇళ్లు విడిచారు, కొందరిని తరిమారు, తిరిగి రానివ్వలేదు. 1950లో ఇజ్రాయెల్ చేసిన గైర్హాజరుదారుల ఆస్తి చట్టం వాళ్ల పొలాలనూ ఇళ్లనూ సర్కారు చేతికిచ్చింది. ఆ ఏడే హైదరాబాద్‌లో కౌల్దారీ చట్టం వచ్చింది. దున్నేవాణ్ని రక్షిత కౌలుదారుగా గుర్తించింది. తెలంగాణ సాయుధ పోరాటంలో నల్లగొండ పల్లెలు పోగొట్టుకున్న ప్రాణాలు ఆ చట్టం వెనక ఉన్నాయి. అది సగం సగమే అమలైంది. ధరణి పోర్టల్ వచ్చినప్పుడు పహాణీలోని ఆ రెండో గడి కూడా పోయింది. అయినా రైతు ఊళ్లోనే ఉన్నాడు, తహసీల్ ఆఫీసులో అడగగలిగాడు. ఫూలా రైతు మనవడు కాందిశీకుల గుడారంలో కూర్చుని ఎవరిని అడగాలి?

1967లో వెస్ట్ బ్యాంక్, గాజా కూడా ఇజ్రాయెల్ సైన్యం చేతికి వెళ్లాయి. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు, 250 మంది దాకా బందీలయ్యారు. ఆ తర్వాత గాజాలో పోయిన ప్రాణాలు పదుల వేలు, అందులో పసిపిల్లలెందరో. రెండు వైపులా ఏడుస్తున్న తల్లుల్ని ఎత్తిచూపి లెక్క సరిపోయిందనడం నా వల్ల కాదు.

ఆ దాడి తర్వాత ఇజ్రాయెల్ పాలస్తీనా కూలీల పర్మిట్లు ఆపేసింది. కట్టడాల పని నిలిచిపోయింది. ఆ పనులకు మనుషుల్ని పంపేందుకు 2024లో హైదరాబాద్‌లోనూ ఎంపికలు జరిగాయి. షట్టరింగ్, సీకు వంచడం, టైల్స్, ప్లాస్టరింగ్ వచ్చినవాళ్లను తీసుకున్నారు. పొలం మిగలక తాపీ పట్టుకున్న తెలంగాణ కుర్రాళ్లు, పొలం పోయి తాపీ పట్టుకున్న పాలస్తీనీయుల పనిలోకి వెళ్లారు.